పెద్ద బండి కొందామా?



నెల రోజులుగా ఆరాధన అయిపోయి గుడి మెట్లు దిగేటప్పుడు మమ్మల్ని అందరూ అడుగుతున్నది ఒక్కటే మాట. "అయ్యగారూ, బండి సంగతి ఏమాయె?" పట్నంలో ఉన్న మన పిల్లలు, దేశం కాని దేశంలో ఉన్నవాళ్ళు కూడా ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఒకాయన అయితే ముందుగానే 2 లక్షలు ఇస్తానని మాట ఇచ్చాడు. దేవుడు ఆ బిడ్డను దీవించును గాక. ఇంతమంది అడుగుతున్నప్పుడు గుడి మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కంటే జరిగిందంతా ఇక్కడే రాద్దామని కూర్చున్నాం. ఇందులో మేము ఒప్పుకోవలసినది కూడా ఒకటి ఉంది.

మన బండి కథ పాతవాళ్ళకు తెలుసు. 2005లో టాటా ఏస్ బజారులోకి వచ్చింది. చిన్న రెండు సిలిండర్ల ఇంజను, ముప్పావు టన్ను సరుకు. అప్పటిదాకా ఆటోకు ఎక్కువ, లారీకి తక్కువ అనుకునే రైతుకు అది సరిగ్గా అతికింది. చోటా హాథీ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ తరహా చిన్న ట్రాలీ ఒకటి సెకండ్ హ్యాండులో మన సంఘం 2016లో కొన్నది. సగం డబ్బు మన అక్కలు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పక్కకు తీసిన పిడికెడు బియ్యంది. మిగతా సగం అప్పు. ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది.

అప్పటి నుంచి అది మొయ్యనిది లేదు. టమాట బాక్సులు, బెండకాయ సంచులు, పాలకూర, కొత్తిమీర మూటలు. ఉపవాస కూటాలకు కుర్చీలు, షామియానా, సౌండ్ బాక్సులు. ఒక రాత్రి నొప్పులు పడుతున్న బిడ్డను బొంత పరిచి పడుకోబెట్టి ఇబ్రహీంపట్నం ఆస్పత్రికి తీసుకుపోయాం. మన సంఘంలో నిద్రించిన ఏడుగురి పెట్టెలు సమాధుల తోటకు ఈ బండి మీదే వెళ్ళాయి. ఆ బండి అంటే మాకు ప్రేమ. దాని స్టీరింగు ముందు మేము చేసినంత ప్రార్థన పులిపీట వెనుక నిలబడి చేశామో లేదో!

ఇక అక్టోబరులో జరిగిన సంగతి. ఆరుట్ల వైపు నుంచి మంచాల వస్తున్నాం. తెల్లవారుజాము, ఇంకా చీకటి. వెనుక టమాట బాక్సులు, వాటి మీద మన సంఘం అక్కలు నలుగురు. ఒక గుంతలో పడగానే ఎడమ వైపు కింద పెద్ద చప్పుడు. వెనుక కమాన్ మెయిన్ పట్టీ విరిగింది. బండి ఒక పక్కకు ఒరిగింది, పై వరుస బాక్సులు జారాయి, వాటితోపాటు ఒక అక్క రోడ్డు మీద పడింది. మణికట్టు దగ్గర చెయ్యి విరిగింది. ఎదురుగా బండి ఏదీ రాలేదు. వచ్చి ఉంటే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు.

తర్వాతి ఆదివారం మేము సాక్ష్యం చెప్పాం. మీరందరూ విన్నారు. ప్రభువు తన రెక్కల నీడలో కాపాడాడని చెప్పాం, మీరు హల్లెలూయా అన్నారు. బండి పాతబడిందని, కమాన్ అలసిపోయిందని చెప్పాం. అదంతా నిజమే. కానీ ఆ రోజు బండి మీద ఎంత బరువు ఉన్నదో చెప్పలేదు. 48 బాక్సులు ఉన్నాయి. బాక్సుకు 25 కిలోలు అనుకున్నా 1,200 కిలోలు. పైన నలుగురు మనుషులు, ముందు మాతో కలిపి ఇద్దరు. ముప్పావు టన్ను మొయ్యమని చేసిన బండి మీద టన్నున్నర పెట్టి, అది విరిగినప్పుడు బండి పాతది అన్నాం. తప్పు బండిది కాదు, చేసిన కంపెనీది కాదు, గుంతది కూడా కాదు. స్టీరింగు పట్టుకున్నది మేము, ఎక్కించుకున్నదీ మేమే. దేవుడు కాపాడిన మాట సత్యం. ఎవరి చేతిలో నుంచి కాపాడాడో చెప్పకుండా దాచాం. ఆ అక్క ఇంటికి పోయి క్షమాపణ అడిగాం. ఆసుపత్రి ఖర్చు మా జీతంలో నుంచి ఇస్తున్నాం. సంఘం ముందు ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

ఆ వారమే పెద్దలు కూర్చున్నారు. బొలెరో పికప్ కొందామని అందరిదీ ఒకే మాట. మాకూ మనసు అటే ఉంది, ఎందుకు దాచాలి? రెండున్నర లీటర్ల ఇంజను, 1.3 టన్నులది ఒకటి, 1.7 టన్నులది ఒకటి. గట్టి బాడీ, పొడుగు ట్రాలీ. లైసెన్సుకు కూడా ఇబ్బంది లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని కారు నడిపే లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చి చెప్పింది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. షోరూం తమ్ముడు రోజుకు రెండుసార్లు ఫోను. "సార్, ఇప్పుడు తీసుకోకుంటే ఎప్పుడు తీసుకుంటరు సార్?" ఆ పిల్లవాడి పట్టుదల చూస్తే సువార్త పనికి పనికొస్తాడు అనిపించింది.

లెక్క వేశాం. బండి, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అంతా కలిపి పది లక్షల చుట్టూ. 2 లక్షలు ముందు కడితే 8 లక్షలు అప్పు. ఐదేళ్ళు, 11 శాతం వడ్డీ అయితే నెలకు 17,400 దాకా కిస్తీ. మన నెల కానుకలు ఎంతో మీకు తెలుసు, నోటీసు బోర్డు మీద ఉంటాయి. కిస్తీ కట్టాలంటే బండిని కిరాయికి తిప్పాలి. వారానికి ఐదు రోజులు తిప్పితే తప్ప తేలదు. అందులో ఆదివారం కూడా పడుతుంది, పెళ్ళిళ్ళ సీజనులో ఎవరు వదులుకుంటారు? నడిపేది ఎవరు? మేమే. గోపురం కట్టదలిచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మీద మేము కనీసం నాలుగుసార్లు ప్రసంగించి ఉంటాం. ఈసారి కాలిక్యులేటరు పట్టుకుని విన్నాం.

అయినా డబ్బు ఒక్కటే అయితే విశ్వాసంతో అడుగు వేసేవాళ్ళమేమో. మమ్మల్ని ఆపినవి రెండు. ఒకటి మెకానిక్కు మాట, రెండోది మా సతీమణి డీజిలు పుస్తకం.

మెకానిక్కు ఇబ్రహీంపట్నంలో ఉంటాడు, ముసల్మాను సోదరుడు, మాకు పాత స్నేహితుడు. విరిగిన పట్టీ మార్చేటప్పుడు మేము అడిగాం, ఇంకో రెండు పట్టీలు ఎక్కువ వెయ్యరాదా, గట్టిగా ఉంటుంది గదా అని. చాలామంది అట్లా వేయించుకుంటారు. ఆయన పానా కింద పెట్టి మా మొహం చూశాడు.

"వేస్త అయ్యగారూ, నాదేం పోయింది? కమాన్ గట్టిగైతది. మరి బ్రేకు గట్టిగైతదా?"

మేము మాట్లాడలేదు. ఆయనే చెప్పాడు. కమాన్ అనేది బరువు ఎక్కువైందని చెప్పే నాలుక లాంటిది. బండి వెనుక కుంగితే నడిపేవాడికి తెలుస్తుంది. పట్టీలు ఎక్కువ వేస్తే కుంగడం ఆగుతుంది, బరువు మాత్రం తగ్గదు. బ్రేకులు అవే, టైర్లు అవే, చాసీ అదే. బరువు రెట్టింపు అయితే అదే వేగం మీద ఆ బ్రేకు ఆపవలసిన బలం కూడా రెట్టింపు. "కుంగుడు బందైతదనుకో, మీరు ఇంకో పది బాక్సులు వేస్తరు. నాకు తెల్వదా మీ సంగతి?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన చెప్పినట్టు ఆర్సీ తీసి చూశాం. తొమ్మిదేళ్ళుగా డ్యాష్‌బోర్డు అరలో ఉన్న కాగితం, ఒక్కసారి కూడా చదవలేదు. సరుకుతో కలిపి బండి ఎంత బరువు ఉండొచ్చో అందులో రాసి ఉంది, 1,550 కిలోలు. మర్నాడు చేను దగ్గర సరిగ్గా 30 బాక్సులు ఎక్కించి ధర్మకాంట మీదకు తీసుకుపోయాం. 1,610 చూపించింది. అంటే ముప్పై కూడా ఎక్కువే. రెండు బాక్సులు దించి, మేమూ దిగితే తప్ప సరిపోదు. ఇన్నేళ్ళూ మేము వేసింది 45, 48, పండగ ముందు 50. ఆ కాంటకు ధర్మకాంట అని ఎవరు పేరు పెట్టారో గానీ, తప్పుడు త్రాసు యెహోవాకు అసహ్యం అని పిల్లలకు కంఠస్థం చేయించిన మనిషికి అక్కడ నిలబడడం సులువుగా లేదు.

ఇక రెండోది, పుస్తకం. డీజిలు ఎంత పోశాం, ఎక్కడికి వెళ్ళాం, ఏం వేశాం అని మా సతీమణి ప్రతి ట్రిప్పూ రాసి పెడుతుంది. పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిన పేజీలవి. ఒక రాత్రి భోజనాలయ్యాక ఏడాది పేజీలు ఇద్దరం కలిసి తిరగేశాం. టమాట ఎక్కువ వచ్చిన రోజులు, వడ్లు వచ్చిన రోజులు కలిపి సరుకుతో బరువు మించిన ట్రిప్పులు 19. మేము వందో నూటయాభయ్యో ఉంటాయనుకున్నాం. మిగతా రోజులు ఆకుకూర మూటలు, సగం ట్రాలీ. మరి కమాన్ ఇంతలా ఎందుకు అలిసింది?

ఆమె ఇంకో వరుస మీద వేలు పెట్టింది. ఆ వరుసలో ప్రతి ఆదివారమూ ఉంది. తండా నుంచి గుడికి, గుడి నుంచి తండాకు. 22 మంది, 25 మంది, ఈస్టరు తెల్లవారుజామున 31 మంది. పెళ్ళి, 28. సమాధి కార్యక్రమం, 30. మనిషికి 50 కిలోలు వేసినా పావు తక్కువ టన్నున్నర. మెదక్ చర్చికి వందేళ్ళు నిండినప్పుడు, 2024 డిసెంబరులో, పిల్లాజెల్లా కలిపి 26 మందిని ఎక్కించుకుని మెదక్ దాకా పోయి వచ్చాం. రానుపోను 250 కిలోమీటర్ల పైనే. కరువు రోజుల్లో బీదలకు పని కల్పించి పోస్నెట్ దొర కట్టించిన ఆ గుడి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయిన గుడి, మన వాళ్ళు జీవితంలో ఒక్కసారైనా చూడాలని మా ఆశ. దారి పొడుగునా పాటలు పాడుకుంటూ పోయాం. ఎంత ఆనందంగా ఉందో! ఆ రోజు ఫోటోలు ఇంకా మా ఫోనులో ఉన్నాయి. ఇప్పుడు ఆ ఫోటోల్లో మాకు కనబడుతున్నది ట్రాలీ పక్క రేకు. పసిపిల్లల మెడల దాకా కూడా లేదు అది.

పెద్ద బండి ఎందుకు కావాలనుకున్నామో ఆ రాత్రి మాకు తెలిసింది. నోటితో టమాట అన్నాం. మనసులో ఉన్నది 31 మందికి బదులు 45 మంది.

చట్టం ఏమంటుందో మీకు కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ఈ విషయం ఎవరూ చెప్పరు. సరుకు బండి మీద ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1994లో చట్టం మార్చి ఒక్క మినహాయింపు ఇచ్చారు, సరుకుతోపాటు వచ్చే సరుకు యజమానికి. అది కూడా క్యాబిన్‌లో కూర్చుంటేనే అని 2007లో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే, తీర్పు వచ్చింది. అంటే తన టమాటతో ముందు సీట్లో కూర్చున్న అక్కకు రక్షణ ఉంది. అదే అక్క బాక్సుల మీద కూర్చుంటే లేదు. గుడికి వచ్చేటప్పుడు అసలే లేదు. మేము ప్రతి ఏడూ తప్పకుండా ఇన్సూరెన్సు కట్టాం. ఆ కాగితం మీ పిల్లల్లో ఒక్కరికీ వర్తించదని మాకు తెలియదు. తెలియకపోవడం ఒక సాకు కూడా కాదు, ఎందుకంటే 2018 మాకు బాగా గుర్తుంది. జూన్ 24, ఆదివారం. పక్క జిల్లాలో, వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర, కూలికి పోతున్న ఆడవాళ్ళతో ఉన్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. ఆ ఉదయం ఆరాధన ముగించి బయటికి వచ్చేసరికి ఫోన్లలో వార్త. వాళ్ళ కుటుంబాల కోసం అక్కడే మోకరించి ప్రార్థించాం. ప్రార్థన అయ్యాక తండా వాళ్ళను ట్రాలీ ఎక్కించి దింపి వచ్చాం. రెండింటికీ సంబంధం ఉందని ఆ రోజు తోచలేదు.

ఈ రోజుల్లో మేము సంఖ్యాకాండము ఏడవ అధ్యాయం మళ్ళీ మళ్ళీ చదివాం. సెమినరీలో ఉండగా ఆ అధ్యాయం అంటే నిద్ర. గిన్నెల బరువులు, పళ్ళేల బరువులు, ఎనభై తొమ్మిది వచనాలు. కానీ మొదట్లోనే బండ్ల సంగతి ఉంది. ఇశ్రాయేలు ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు తెచ్చి ఇచ్చారు. మోషే వాటిని సమానంగా పంచలేదు. తెరలు, బట్టలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. పలకలు, స్తంభాలు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. ఎవరి బరువుకు తగిన బండి వాళ్ళకు. దేవుడి పనిలో కూడా ఆర్సీ చూసుకునే పంపకం ఉందన్నమాట! ఎక్కువ బరువు ఉన్నవాడు ఎక్కువ బండ్లు అడిగితే అది అత్యాశ కాదు. అందుకే పెద్ద బండి కోరుకోవడం లోకాశ అని మేము అనడం లేదు. ఆ మాట అనే బోధకులు ఉన్నారు, వాళ్ళలో కొందరి కార్లు మేము చూశాం, వదిలేద్దాం.

మమ్మల్ని పట్టి ఆపింది మూడో వంశం. కహాతీయులకు మోషే ఒక్క బండి కూడా ఇవ్వలేదు. పరిశుద్ధమైనవి వాళ్ళ వంతు, వాటిని భుజాల మీదే మొయ్యాలి. కొన్ని వందల ఏళ్ళ తర్వాత దావీదు ఆ మాట మరిచి మందసాన్ని బండి ఎక్కించాడు. అది కొత్త బండి అని రెండవ సమూయేలులో ప్రత్యేకంగా రాసి ఉంది. పాటలు, వాద్యాలు, జనం, అంతా బాగుంది. కళ్ళం దగ్గర ఎద్దులు తొట్రిల్లాయి, ఉజ్జా చెయ్యి చాపాడు, చనిపోయాడు. ఈ భాగం మీద ప్రసంగం చేసినప్పుడల్లా మేము ఉజ్జా చెయ్యి గురించే మాట్లాడాం. బండి గురించి మాట్లాడలేదు. తర్వాత దావీదు తానే ఒప్పుకున్నాడు, లేవీయులు మొయ్యవలసిన దాన్ని మేము విధి ప్రకారం చెయ్యలేదని. బండి పాతదై విరిగి ఉంటే ఇంకా గట్టి బండి చేయించేవాడేమో. సమస్య బండి గట్టితనంలో లేదు.

పెద్దల కూటంలో ఈ మాటే చెప్పాం. ఈ ఏడు బండి కొనవద్దు. ఉన్నదానికి కంపెనీ లెక్క ప్రకారమే పట్టీలు వేయించాం, బ్రేకు షూలు మార్పించాం. ఇక మీద 28 బాక్సులు, అంతకు మించి ఒక్కటి కూడా లేదు. ముందు సీట్లో ఒక్కరు. వెనుక ట్రాలీ మీద మనిషి ఎక్కడు, పాస్టరు కొడుకైనా సరే. సరుకు ఎక్కువ ఉన్న రోజు రెండు ట్రిప్పులు, లేదంటే ఆ ఒక్క రోజుకు బొలెరో కిరాయికి. ఏడాదికి 19 రోజులు కిరాయి ఇవ్వడం నెలనెలా 17,400 కట్టడం కంటే చాలా తక్కువ.

చాలా బాగా చెప్పామనుకున్నాం. పెద్దమ్మ లేచింది. పేరు రాయం, మీకు తెలుసు. గుడి పునాదికి రాళ్ళు మోసిన మనిషి.

"అయ్యగారూ, మీరు రెండు ట్రిప్పులంటున్నరు. తెల్లారంగ నాలుగింటికి మార్కెట్ల ఉంటెనే ధర. రెండో ట్రిప్పుల పోయినోల్లకు ఆరు దాటుతది, గప్పటికి బేరగాళ్ళు పోతరు. బాక్సుకు యాభయ్యో నూరో తక్కువొస్తది. గది ఎవ్వలిస్తరు? ధర్మకాంట ఇస్తదా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె అన్నది అక్షరాలా నిజం. మేము బైబిలు తెరిచి వచ్చాం, ఆమె మార్కెట్టు తెరిచి చూపించింది. బరువు తగ్గించడం వల్ల మా మనస్సాక్షికి వచ్చే నెమ్మదికి డబ్బు కట్టేది రెండో ట్రిప్పు వాళ్ళు. గంటసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఇలా తేలింది. మొదటి ట్రిప్పు వరుస తప్పకుండా మారాలి, ఎవరి సరుకు ఎంత ఉన్నా సరే. వరుస పుస్తకం మా సతీమణి దగ్గర ఉంటుంది. బండి కోసం వస్తానన్న 2 లక్షలు పంపే బిడ్డతో మాట్లాడి, టమాట ఎక్కువ ఉన్న రోజుల కిరాయికి అందులో కొంత వాడుకోవడానికి ఒప్పించాం. రెండేళ్ళ తర్వాత సరుకుతో బరువు మించిన రోజులు 19 కాదు, 60 అయ్యాయని పుస్తకం చూపిస్తే అప్పుడు మేమే వచ్చి పెద్ద బండి అడుగుతాం. మెరారీయుల్లాగా అడుగుతాం. పెద్దమ్మ ఇవన్నీ విన్నది, తల ఊపలేదు, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మిగిలింది తండా. ఆదివారం బస్సు లేదు, ఆటోవాడు ఒక్కడికీ ఇద్దరికీ రాడు. ట్రాలీ ఆపితే 25 మందికి ఆరాధన ఆగినట్టే. బస్సు కిరాయికి మాట్లాడదామా అంటే క్రిస్మసుకు సరే, ప్రతి ఆదివారం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మా సతీమణి కూర తరుగుతూ మామూలుగా అడిగింది, "వాళ్ళే ఎందుకు రావాలి?" అని.

మేము చదువుకున్నది సెమినరీలో డిప్లొమా. అందులో సంఘ చరిత్ర ఒక సబ్జెక్టు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన దోర్నకల్ అజరయ్య గారు ఎడ్లబండి కట్టుకుని పల్లె పల్లెకూ తిరిగారని చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాం. ఆయన పల్లెకు వెళ్ళారు. మేము పల్లెను ట్రాలీలో పోసుకుని గుడికి తెచ్చాం. ఎందుకంటే మా గుడిలో ఫ్యాన్లు ఉన్నాయి, మైకు ఉంది, హాజరు బాగా కనబడుతుంది. ఫోటోలో 120 మంది ఉంటే ఒక రకంగా, 95 మంది ఉంటే ఒక రకంగా ఉంటుంది మరి.

నవంబరు చివరి ఆదివారం నుంచి మధ్యాహ్నం మూడింటికి తండాలో ఆరాధన మొదలైంది. మేము బైకు మీద పోతున్నాం. చింతచెట్టు కింద బొంతలు పరుస్తారు. మొదటి వారం 25 మంది వస్తారనుకుంటే 41 మంది వచ్చారు. మంచం దిగలేని ఒక తాత ఉన్నాడు, ఆరేళ్ళ క్రితం బాప్తిస్మం తీసుకున్నాడు, ట్రాలీ ఎక్కలేక గుడి లోపల ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్నేళ్ళలో ఆయన పేరు మా హాజరు పుస్తకంలో లేదు. నలుగురు మనవళ్ళు మంచాన్ని నాలుగు కోళ్ళు పట్టుకుని, భుజాల మీద పెట్టుకుని చెట్టు కిందికి మోసుకొచ్చారు. ప్రభురాత్రి భోజనం ఇచ్చేటప్పుడు మా చేతులు వణికాయి.

మైకు లేక గొంతు బొంగురుపోతోంది, అది వేరే సంగతి. ఉదయం గుడిలో వెనుక మూడు వరుసలు ఖాళీగా కనబడుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు "ఏందయ్యగారూ, సంఘం తగ్గిందా?" అని అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా లోపల కొంచెం గుచ్చుకుంటోంది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

చెయ్యి విరిగిన అక్కకు కట్టు విప్పారు. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు, ఇంకా నెల పడుతుందట. ఆమె టమాట కోతకు ప్రతి బుధవారం యవ్వనస్థులు ఇద్దరు పోతున్నారు. ఇంకో ఇద్దరు కావాలి. వీలైనవాళ్ళు మా సతీమణికి చెప్పండి. క్రిస్మసు రోజు తండాకు ఆర్టీసీ బస్సు కిరాయికి మాట్లాడాం, ఉదయం ఎనిమిదింటికి బయలుదేరుతుంది.

పెద్దమ్మ మాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. వందనం చేస్తే చేస్తుంది, అంతే. వచ్చే సోమవారం మొదటి ట్రిప్పు ఆమెది. మూడున్నరకు చేను దగ్గర ఉంటామని కబురు పెట్టాం.